పద్నాలుగు అడుగుల పైపు

“వాషింగ్ మిషన్‌లోంచి నీళ్లు బయటికి పంపడం కూడా ఒక పనేనా? అదీ నాకు?” అన్నాడు అబూ నవ్వాఫ్, స్టూలు మీద ఇంకా సరిగ్గా కూర్చోకముందే.

మేమెవరం అడగలేదు. నిజం చెప్పాలంటే ఆయన మెట్లు దిగి వస్తుండగానే, ఈ రోజు వాషింగ్ మిషన్ ఊసు మాత్రం ఎత్తొద్దని షాహెర్‌కి నేను కళ్లతో సైగ చేశాను. అమ్మాన్‌లో అష్రఫియా గుట్ట మెట్ల దారిలో నేను టీ బడ్డీ పెట్టి పదిహేడేళ్లయింది. ఎవరింట్లో ఏది పాడైందో, ఎవరి ఇంటావిడ ఎవరితో మాట్లాడటం మానేసిందో నాకు తెలియకుండా ఉండదు. అబూ నవ్వాఫ్ ఇంట్లో ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి జరిగాయి. మిషన్ నీళ్లు వదలడం మానేసింది. మా గుట్టకి పంపు నీళ్లు వారానికొకసారి, బుధవారం నాడే వస్తాయి. ఆయన ఇంటావిడ ఉమ్ నవ్వాఫ్ మూడు బుధవారాలు చేత్తో ఉతికి ఉతికి, నాలుగో బుధవారం మిషన్‌కి ఇంకో అవకాశమిచ్చి చూసి, అది మళ్లీ మొండికేస్తే బట్టలు అందులోనే వదిలేసి ఇర్బిద్‌లో ఉన్న వాళ్ల అన్న ఇంటికి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ మా ఆవిడతో ఒక్కమాట అంది. “ఆ మిషన్‌లోంచి నీళ్లు బయటికి పోయిన రోజు కబురు చెయ్యమను. వస్తానో రానో అప్పుడు చెబుతా.”

అది జరిగి పందొమ్మిది రోజులు. ఆ పందొమ్మిది రోజులూ ఆయన ఒంటి మీద ఒకటే చొక్కా.

అబూ నవ్వాఫ్ ఇరవై ఎనిమిదేళ్లు నీళ్ల ట్యాంకరు నడిపాడు. కళ్లలో పొర కమ్మి రెండేళ్ల కిందట లైసెన్సు పోయింది. ఇంజను మోతకి చెవులు అంతకుముందే మందగించాయి. గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. ఇంట్లో ఒక్కడే ఉంటే ఫోను మోగినా వినపడదని, రోజూ పొద్దున్నే తెచ్చి నా గల్లా పక్కన పెట్టి వెళ్తాడు. ఇర్బిద్ నుంచి ఫోనొస్తే నేనైనా వింటానని. ఆ సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఫోను మోగనూ లేదు.

“ఏం చేశావేంటి బాబాయ్?” అన్నాడు షాహెర్. టాక్సీ నడుపుతాడు, ఇద్దరు పిల్లల తండ్రి, అయినా ఎవడైనా కోతలు కోస్తుంటే ఎగదొయ్యకుండా ఉండలేడు. నా సైగ గాలికి పోయింది.

మూలన గోడకానుకుని ఖలఫ్ కూర్చున్నాడు. వాషింగ్ మిషన్లు బాగుచేసే మనిషి. రోజూ సాయంత్రపు అస్ర్ నమాజు అయ్యాక పనిముట్ల సంచీ కాళ్ల మధ్య పెట్టుకుని ఒక పుదీనా టీ తాగి, ఎవరితోనూ ఏమీ అనకుండా లేచి వెళ్తాడు. రోజూ ఎదురెదురుగా కూర్చుంటున్నా, ‘ఒకసారి మా ఇంటికొచ్చి చూడు’ అని అబూ నవ్వాఫ్ ఆయన్ని అడిగింది లేదు. నీళ్ల సంగతి ఇంకొకళ్లని అడగడమా? ప్రాణం పోయినా అడగడు.

“చిన్న పనే చేశాన్రా,” అని మొదలుపెట్టాడు అబూ నవ్వాఫ్. “మీలో ఎవడికీ తట్టని చిన్న పని. మిషన్ వేసిన ప్రతిసారీ యాభై లీటర్లు మోరీపాలు. వారానికొకసారి వచ్చే నీళ్లు! ఈ ఊరందరికీ నీళ్లు తాగించినవాడి ఇంట్లో నీళ్లు మోరీలోకి పోవడమేమిటని నాకు మనసొప్పలేదు. ఏం చేశాను? మిషన్ నీళ్లు బాత్రూంలోకి వదిలే పైపు పీకి, దానికి ఇంకో పైపు అతికించి, కిటికీలోంచి బయటికి తీసి, గోడ వెంట పైకి పాకించి, డాబా మీది నీలం పీపాలో పెట్టాను. పద్నాలుగు అడుగులు! ఉతికిన నీళ్లతో మెట్లు కడుక్కోవచ్చు, మరుగుదొడ్డికి పోసుకోవచ్చు. ఎలా ఉంది బుర్ర?”

“బ్రహ్మాండం. తర్వాత?”

“తర్వాత మిషన్ మొరాయించింది. అద్దం తలుపు వెనక సగం దాకా నీళ్లు. గుర్రుగుర్రుమని మూలుగుతుంది, చుక్క కదలదు. మా ఇంటావిడ వచ్చి, ‘పైపు మళ్లీ కిందికి దించు, అక్కడున్నప్పుడు బాగానే ఉందిగా’ అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆరో అంతస్తు మీది ట్యాంకులకి నీళ్లెక్కించినవాణ్ణి, నాకు పైపు సంగతి చెబుతోంది! ‘నువ్వు వంట చూసుకో, నీళ్లు నేను చూసుకుంటా’ అన్నా. వింటేనా? రోజుకి నాలుగుసార్లు అదే పాట. పైపు దించు, పైపు దించు.”

ఖలఫ్ గ్లాసు నోటిదాకా తెచ్చినవాడు కాస్త ఆగాడు. మళ్లీ తాగాడు.

“జబ్బు లోపలుందని నేను పట్టేశాను. మిషన్ కింద మూలన చిన్న మూత ఉంటుంది, తిప్పితే లోపల జాలీ, చెత్తంతా పట్టుకునేది. పళ్లెం పెట్టి మూత విప్పానో లేదో నీళ్లు బుస్సుమని వచ్చాయి. పళ్లెం నిండింది, పారబోశా. మళ్లీ నిండింది. నలభై పళ్లేలు!”

“మొన్న ఇరవై అన్నావు,” అన్నాను నేను.

“మొన్న నీకు సగమే చెప్పా సలామా, నువ్వు తట్టుకోలేవని. నలభై అయ్యాక పళ్లెం పారేసి బకెట్టు తెచ్చా. నాలుగు వందల బకెట్లు. ఆగితే ఒట్టు! నా ట్యాంకరు పన్నెండు వేల లీటర్లది, అలాంటివి రెండు నింపేటన్ని నీళ్లు ఆ ఒక్క మిషన్ కడుపులోంచి తోడాను, ఒంటిచేత్తో. రెండో చేత్తో సిగరెట్టు కాల్చుకుంటూ. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“మిషన్ బాగుపడింది,” అన్నాడు షాహెర్.

“ఎక్కడ! అంత తేలిగ్గా బాగుపడితే మా ఇంటావిడ చేతులు అలా...”

అక్కడ ఆయన మాట తడబడింది. తన చేతులు తనే ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

“కణుపుల దగ్గర చీలిపోయాయి,” అన్నాడు, గొంతు తగ్గించి. “ఉతుకుడు సబ్బు కదా. రాత్రిళ్లు ఆలివ్ నూనె రాసుకునేది. నొప్పని అనేది కాదు, రాసుకునేది. సరే, అది అలా ఉంచండి. జాలీలోకి చెయ్యి పెట్టాను. ఏం దొరికిందనుకున్నారు?”

“గుండీ.”

“గుండీలు మీ ఇళ్లల్లో దొరుకుతాయి. నాకు దొరికింది నా పెళ్లినాటి చేతిగడియారం! ముప్పై ఒక్క ఏళ్లుగా కనపడటం లేదు. ఇంకా నడుస్తోంది. ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు.”

“మిషన్ కొని ఆరేళ్లేగా బాబాయ్?”

“అయితే? ఆ పాతికేళ్లూ గడియారం మిషన్ కోసం ఎదురుచూసింది. మధ్యలో అడ్డం రాకురా, చెప్పే వరస తెగిపోతుంది. దాని వెనక నా పాత ట్యాంకరు తాళాలు. దాని వెనక కింది వీధి ఇమాం గారి జపమాల. దాని వెనక ఎవరివో కట్టుడు పళ్లు, అవి నా వేలు పట్టుకుని వదలవు! వాటినెలాగో విదిలించుకుని ఇంకా లోపలికి పెడితే, చల్లగా, జారుడుగా, కదులుతూ... చేప! బతికున్న చేప!”

“అమ్మాన్‌లో చేపా?” అన్నాడు షాహెర్, తొడ చరుచుకుని.

“అదే నేనూ అనుకున్నా. నది లేని ఊళ్లో చేప ఎక్కణ్ణించొచ్చింది? ఆలోచించా. అప్పుడు తట్టింది. ఊరి నడుమ రోడ్డు కింద కప్పేసిన పాత ఏరు! మా తాత అందులో కాళ్లు కడుక్కున్నాట్ట. ఆ ఏరు ఎక్కడో పూడుకుని, దారి లేక, వచ్చి వచ్చి నా మిషన్‌లో తలదాచుకుంది. ఇక నేనేం చెయ్యాలి? భుజం దాకా దూర్చా. తల దూర్చా. ఊపిరి బిగబట్టి మొత్తం దూరిపోయా. ఈ మెట్ల కిందుగానే వెళ్లాన్రా, నీ బడ్డీ అడుగు నుంచే. సలామా పేకాటలో ముక్క మారుస్తుంటే కింద నుంచి స్పష్టంగా కనపడింది.”

“నేను ముక్క మార్చనే!” అన్నాను.

“నేను చూశాగా. సరే, నడిరోడ్డు కిందికి వెళ్లేసరికి అక్కడ ఒక బిరడా. ఎంతుందనుకున్నారు? మసీదు గుమ్మటమంత! ఇంత మంది ఇంజనీర్లున్నారు, ఒక్కడు చూడలేదు. రెండు కాళ్లూ గోడకి తన్నిపెట్టి, బిస్మిల్లా అని ఒక్క గుంజు గుంజా. అంతే! ఏరు లేచింది. రోమన్ల కాలంనాటి రాతి నాటకశాల ఉందే, ఆరువేల మంది కూర్చునేది, అది టీ గిన్నెలా నిండిపోయింది. కాపలావాడు తన కుర్చీలో కూర్చునే తేలుతూ పై మెట్టుకి వచ్చాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిషన్‌లో నేను అప్పటికే రెండు చెంచాల సబ్బుపొడి వేసి ఉన్నా. నురగ! ఊరి ఏడు గుట్టల మీదా నురగ! జనం మంచు పడిందనుకున్నారు. నడి జూలైలో! మంచు పడ్డప్పుడల్లా చేసినట్టే రొట్టెల కొట్ల ముందు వరసలు కట్టేశారు, ఒక్కొక్కడూ వారానికి సరిపడా రొట్టెలు కొనుక్కుపోయాడు. బళ్లకి సెలవిచ్చారు.”

“జూలైలో బళ్లకి ఎలాగూ సెలవే బాబాయ్!”

“ఇంకో సెలవిచ్చారు, సెలవు మీద సెలవు. ఎవరింట చూసినా బట్టలు వాటంతటవే ఉతుక్కుపోయి తళతళలాడుతున్నాయి. ఏ ఆడదీ ఆ రోజు చెయ్యి తడుపుకోలేదు. ఉమ్ నవ్వాఫ్ అయితే కిటికీలోంచి చూసి, చిన్నపిల్లలా చప్పట్లు...”

“ఆవిడ ఇర్బిద్‌లో ఉంది కదా?” అన్నాడు షాహెర్. అలవాటు కొద్దీ అనేశాడు, పాపం. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

అబూ నవ్వాఫ్ నోరు తెరుచుకునే ఉంది.

“ఇర్బిద్ కిటికీలోంచి,” అన్నాడు చివరికి. “అక్కడి దాకా కనపడింది మరి. అంత నురగ.”

నాకు నవ్వు రాలేదు. ఆయన కోతలకి పదిహేడేళ్లుగా నవ్వుతున్నాను, ఎన్నోసార్లు పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ రోజు మాత్రం చెప్పడం ఆపితే ఏదో మీద పడుతుందన్నట్టు చెబుతున్నాడు.

“ఇన్ని నీళ్లని ఎక్కడికి పంపాలి?” ఊపిరి తీసుకోకుండా అందుకున్నాడు. “నా పాత ట్యాంకరు పంపు తెచ్చి, ఆ నీళ్లన్నీ గుట్టలు దాటించి మృత సముద్రంలోకి కొట్టా. ఏటేటా ఎండిపోతోందని ఏడుస్తారే, ఒక్క సాయంత్రంలో మూరెడు లేచింది! ఒడ్డున హోటళ్లవాళ్లు కుర్చీలు వెనక్కి జరుపుకోలేక చచ్చారు. నీళ్ల శాఖ పెద్దాఫీసు నుంచి ఇంజనీరొచ్చి నా నుదురు ముద్దు పెట్టుకున్నాడు. ‘ఏం కావాలో కోరుకో అబూ నవ్వాఫ్’ అన్నాడు. నేనేమన్నానో తెలుసా? ‘నాకేం వద్దు. ఇర్బిద్‌కి ఒక్క కబురు పంపండి చాలు. మీ ఆయన చేశాడమ్మా, మిషన్ బాగుచేశాడమ్మా అని ఆవిడకి చెప్పండి’ అన్నా.”

ఆ మాటతో ఆగిపోయాడు. నుదుటి చెమట తుడుచుకున్నాడు. టీ ముట్టుకోనేలేదు.

షాహెర్ ఈసారి ఎగతాళి మాని అడిగాడు. “అయితే ఇప్పుడు నీళ్లు పోతున్నాయా బాబాయ్? నిజంగా?”

అబూ నవ్వాఫ్ మెట్ల పైకి, తన ఇంటివైపు చూశాడు. డాబా మీది నీలం పీపా నా బడ్డీలోంచి కనపడుతుంది.

“లేదు,” అన్నాడు. “ఎన్నిసార్లు మూత విప్పి తోడానో అల్లాకే తెలుసు. జాలీలో ఏమీ లేదు. గుండీ కూడా లేదు. బట్టలు కంపు కొడుతున్నాయి.”

అప్పుడు ఖలఫ్ గ్లాసు కింద పెట్టాడు. ఆయన నోరు విప్పడమే మాకు వింత.

“పైపు చివర ఇప్పుడెక్కడుంది?”

“డాబా మీద, పీపాలో. ఇంకెక్కడుంటుంది?”

“మిషన్ నుంచి పద్నాలుగు అడుగుల పైకి.”

“పద్నాలుగు. పైన ఇంకో జానెడు.”

“ఆ మిషన్‌లో నీళ్లు తోసే మోటారు ఇంతే ఉంటుంది,” అని పిడికిలి బిగించి చూపించాడు ఖలఫ్. “నడుమెత్తు దాకా తోస్తుంది. మహా అయితే ఛాతీ దాకా. దాన్ని నువ్వు నీ ట్యాంకరు పంపనుకున్నావు. అది తొయ్యగలిగినంత తోస్తుంది, ఆగగానే ఆ నీళ్లన్నీ వెనక్కొచ్చి మళ్లీ కడుపులోనే పడతాయి. దానికి ఏ రోగమూ లేదు. పైపు బాత్రూంలోకి దించి మీట తిప్పు. రెండు నిమిషాల్లో ఖాళీ అవుతుంది.”

షాహెర్ తల వంచుకుని, నేల వైపు చూస్తూ అన్నాడు.

“ఉమ్ నవ్వాఫ్ పిన్ని మొదటిరోజే చెప్పింది కదా అది. ఇప్పుడే నువ్వే అన్నావు.”

అబూ నవ్వాఫ్ ముందు ఖలఫ్‌నీ, తర్వాత షాహెర్‌నీ, తర్వాత నన్నూ చూశాడు. ఎవరో ఒకరు కాదంటారేమోనని చూసినట్టుంది.

“రోజుకి నాలుగుసార్లు చెప్పింది,” అన్నాడు. “నాలుగుసార్లు. చేతులకి నూనె రాసుకుంటూ కూడా చెప్పింది. నేను రేడియో సౌండు పెంచాను.”

లేచాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ పైకెళ్లాడు. కాసేపటికి డాబా మీద కనపడ్డాడు. పీపాలోంచి పైపు లాగాడు. అది వెంటనే రాలేదు, గోడకి తీగలతో గట్టిగా కట్టి ఉంచాడు. ఒక్కొక్క ముడీ విప్పుతూ వంగి, లేచి, మళ్లీ వంగాడు. ఖలఫ్ టీ అయిపోయినా వెళ్లలేదు. ‘నేను వెళ్లి సాయం చేస్తా’ అని షాహెర్ లేస్తే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

అరగంటకి అబూ నవ్వాఫ్ కిందికొచ్చాడు. పంట్లాం మోకాళ్ల దాకా తడిసి ఉంది. మమ్మల్ని చూడకుండా తిన్నగా గల్లా దగ్గరికొచ్చి తన ఫోను తీసుకున్నాడు. ఇంటికెళ్లి మాట్లాడే ఓపిక కూడా లేనట్టుంది, అక్కడే నిలబడి నొక్కాడు. చెవులు సరిగ్గా వినపడవని ఫోను గొంతు ఎప్పుడూ చివరికంటా పెంచే ఉంచుతాడు. మేము వినకూడదనుకున్నా వినక తప్పదు.

“ఫిద్దా,” అన్నాడు.

పదిహేడేళ్లలో ఆయన నోట ఆవిడ పేరు నేను విన్నది అదే మొదటిసారి. పరాయి మగవాళ్ల ముందు ఇంటావిడ పేరు మేమెవరం పలకం. ఆయనకి మేమక్కడున్నామన్న ధ్యాసే లేదు.

“నీళ్లు పోయాయి, ఫిద్దా.”

“ఎలా పోయాయి?” అంది అవతలి గొంతు.

చేప వస్తుందేమో, ఏరు వస్తుందేమో అనుకున్నాను.

“పైపు కిందికి దించాను.”

అవతల వాళ్ల వదిన కాబోలు, వెనక ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు.

“ఎవరు చెప్పారు దించమని?”

అబూ నవ్వాఫ్ ఖలఫ్ వైపు చూశాడు. అబద్ధం ఆడితే అప్పుడే ఆడాలి. ఊళ్లో ఇంకెవరికీ రానంత బాగా ఆయనకది వచ్చు.

“ఖలఫ్,” అన్నాడు.

“ఖలఫ్ ఎన్నిసార్లు చెప్పాడు?”

“ఒక్కసారి.”

“ఒక్కసారి,” అంది ఆవిడ. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేదనిపించింది నాకు. “నీళ్లు పోయిన రోజు కబురు చెయ్యమన్నాను. చేశావు. మంచిది, అబూ నవ్వాఫ్.”

ఫోను ఆగిపోయింది. టుయ్ టుయ్‌మని వచ్చిన చప్పుడు కూడా మాకు వినపడింది. ఆయన మాత్రం చెవి దగ్గర్నుంచి తియ్యలేదు. తల ఊపుతున్నాడు. “ఆఁ... సరే... అలాగేలే... నువ్వు జాగ్రత్త,” అంటున్నాడు ఆ ఉత్త ఫోనుకి. తర్వాత దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని మావైపు తిరిగాడు. మొహం మీదికి పాత నవ్వు తెచ్చుకున్నాడు.

“రేపొచ్చేస్తానంది,” అన్నాడు. “మొదటి బస్సుకే. ఒకటే సంతోషం, మాటలే రావట్లేదు పాపం. మీ అందరికీ సలాం చెప్పమంది. వచ్చీ రాగానే మాంసం పెట్టి మఖ్లూబా అన్నం వండుతుందట, గుట్ట మొత్తానికీ.”

షాహెర్ నోరు తెరిచాడు. ఎదుటివాడి కోతని వదిలిపెట్టడం వాడికి చేతకాదు. ఖలఫ్ వాడి మోకాలి మీద చెయ్యి వేశాడు. నేను చల్లారిన టీ పారబోసి వేడి టీ పోశాను, చక్కెర రెండు చెంచాలు ఎక్కువే వేశాను.

“అయితే బస్టాండుకి నేనే కారు తెస్తా బాబాయ్,” అన్నాడు షాహెర్. “పిన్ని సంచులు మోసుకుంటూ ఈ మెట్లెక్కక్కర్లేదు. బస్సు ఎన్ని గంటలకి?”

అబూ నవ్వాఫ్ గ్లాసు అందుకున్నాడు. ఏడు గుట్టల మీద మంచు కురిపించిన మనిషి, ఏ ప్రశ్నకీ జవాబు వెతుక్కోని మనిషి, చక్కెర కరిగిపోయినా ఆ టీలో చెంచా తిప్పుతూనే ఉన్నాడు.

“అది చెప్పలేదురా,” అన్నాడు.